విండీ యాప్ రివ్యూ: తుఫాను మనకా, ఒడిశాకా?

అక్టోబరు వచ్చిందంటే శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల నిండా గాలి, వాతావరణం పటంగా చూపే విండీ యాప్ స్క్రీన్‌షాట్లే. సముద్రంలో ఊదారంగు సుడి, కింద "మనకేనా?" అని ఓ ప్రశ్న. ఆ పటంలో జవాబు దొరకదు. యాప్ తెరవగానే కనిపించేది నేలమీది గాలి. సుడి ఎక్కడుందో దాన్నిబట్టి తెలుస్తుంది, ఎటు పోతుందో తెలియదు. సుడిని నడిపించేది పైగాలి. దాన్ని పైసా తీసుకోకుండా చూపించడం వల్లే ఈ యాప్‌కి 5లో 4 ఇవ్వొచ్చు.

ఎత్తు మార్చే మీటను ముందు 500 దగ్గర పెట్టండి. అంటే 500 హెక్టాపాస్కల్స్ (గాలి ఒత్తిడి కొలత), సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తు. సుడి చుట్టూ ఉన్న పెద్ద ప్రవాహం అక్కడ తెలుస్తుంది. తూర్పుగాలి నిలకడగా ఉంటే సుడి పడమరకే వస్తుంది. తర్వాత 200కి జరపండి, దాదాపు 12 కిలోమీటర్లు. ఉత్తరాన పడమర నుంచి తూర్పుకి పరుగెత్తే పట్టీయే జెట్ స్ట్రీమ్. నైరుతి రోజుల్లో అది హిమాలయాలకు అవతల ఉంటుంది, చలికాలానికి ఇవతలికి దిగుతుంది. పట్టీ తిన్నగా ఉంటే మనకి దానితో పెద్ద పనిలేదు. మధ్యభారతం దాకా లోయలా వంగిందా, దాని తూర్పు అంచున వీచే గాలి సుడిని ఈశాన్యానికి తిప్పేస్తుంది. బులెటిన్లలో పశ్చిమ గాలుల ద్రోణి అని రాసేది ఈ వంపునే.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటి పడమరకే పోయింది. దేశాన్ని అడ్డంగా దాటాక దాని అవశేషమే అరేబియా సముద్రంలో షహీన్ అయింది. అదే ఏడాది డిసెంబరులో జవాద్ ఉత్తరాంధ్ర దాకా వచ్చినట్టే వచ్చి, తీరం దాటకుండా ఈశాన్యానికి మళ్లి, పూరీ చేరేసరికి వాయుగుండంగా తగ్గిపోయింది. 2018 తిత్లీ కూడా మళ్లింది గానీ ఆలస్యంగా: అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాక. ఉద్దానం జీడికి, కొబ్బరికి ఆ మలుపు వల్ల ఒరిగిందేమీ లేదు.

200లోనే ఇంకొకటి చూడాలి. సుడి నెత్తిమీద గాలి విసనకర్రలా నాలుగు వైపులా విచ్చుకుంటుంటే తుఫాను బలపడుతుంది. ఒకే పడమటి గాలి అడ్డంగా కోసుకుపోతుంటే దాని తల ఒరిగిపోతుంది. చుట్టుపక్కల 850కీ (సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తు) 200కీ మధ్య గాలి తేడా 20 నాట్లు, అంటే గంటకు 37 కిలోమీటర్లు, దాటితే తుఫాను బలాన్ని అనుమానించాల్సిందే. తల ఒరిగిన తుఫానులో మేఘం, వాన ఓ పక్కకి చేరతాయి. కేంద్రం దూరంగా ఉన్నా మన మీద కురవొచ్చు. తుఫాను బలహీనపడిందని టీవీలో విని కోసిన పనలు పొలంలో ఒగ్గేస్తే తడిసేది అప్పుడే. కుప్ప వేసి టార్పాలిన్ కప్పాకే వేరే పని.

నాట్లని కిలోమీటర్లుగా చదివేవాళ్లు చాలామంది. 60 నాట్లంటే గంటకు 111 కిలోమీటర్లు. రంగుల పట్టీ మీద నొక్కితే కొలత మారుతుంది.

ఇక చిక్కు ఎక్కడంటే, పది రోజుల తర్వాతి సుడిని కూడా రేపటి సుడంత స్పష్టంగా గీస్తుంది. అయిదు రోజులు దాటిన పటాన్ని నమ్మి బెంగపడొద్దు. ఈసీఎండబ్ల్యూఎఫ్ (యూరప్‌ది), జీఎఫ్ఎస్ (అమెరికాది), ఐకాన్ (జర్మనీది) అనే మూడు అంచనా మోడళ్లనూ మార్చి చూడండి. వాటిలో సుడి దారులు విడిపోతే ద్రోణి ఎప్పుడు వస్తుందన్న దగ్గరే తరచూ తేడా ఉంటుంది. అది సగం రోజు ఆలస్యమైతే చాలు, ఒడిశా తుఫాను మనదవుతుంది. ఉచిత వెర్షన్‌లో మూడు గంటలకో పటమే కాబట్టి తీరం దాటే గంట దీనిలో వెతక్కండి.

వేటకెళ్లే బోటుకి మాత్రం వాతావరణశాఖ హెచ్చరికే లెక్క. అది ఎత్తేశారని తెలిసేదాకా, విండీలో సముద్రం ఎంత నీలంగా కనిపించినా, తెప్ప ఒడ్డునే ఉండాలి.