బరువు బతుకును ఎంత ఇబ్బంది పెడుతోందో కొలవడానికి ఏ ప్రశ్నావళి మేలు?

బరువు తగ్గించే చికిత్సకు ముందు, తర్వాత జీవన నాణ్యతను కొలవడానికి ఎక్కువగా వాడేవాటిలో మూడు ప్రశ్నావళులు: ఎస్ఎఫ్-36 (మొత్తం ఆరోగ్యం గురించి అడిగేది), ఈక్యూ-5డి-5ఎల్ (ఆరోగ్యాన్ని క్లుప్తంగా అడిగేది), ఐడబ్ల్యూక్యూఓఎల్-లైట్ (బరువు వల్ల జీవన నాణ్యతపై పడే ప్రభావాన్ని అడిగేది). ఒక మనిషిలో వచ్చే మార్పును పట్టుకోవడమే పనైతే మూడోదే మేలు.

దాని ప్రశ్నలు చాలావరకు 'నా బరువు వల్ల' అనే మాట మీదే నడుస్తాయి. మొత్తం 31: శారీరక సామర్థ్యం 11, ఆత్మగౌరవం 7, లైంగిక జీవితం 4, నలుగురిలో పడే ఇబ్బంది 5, ఉద్యోగం 4. గడిచిన వారాన్ని తలచుకుని, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు గుర్తు పెట్టాలి. కుర్చీ నాకు సరిపోతుందా, జనం చూస్తారేమో అన్న బెంగ మిగతా రెండింటిలో ఎక్కడా నమోదు కాదు. చాలామందిని ఇంట్లోంచి కదలనివ్వనిది ఆ బెంగే.

లెక్కలో తరచూ జరిగే పొరపాటు దిశది. 5 అంటే 'ఎప్పుడూ నిజమే', అంటే ఇబ్బంది ఎక్కువ. చివరి స్కోరులో మాత్రం 100 అత్యుత్తమం. శారీరక సామర్థ్యంలో మార్కులు 11 నుంచి 55 దాకా రావచ్చు; 33 వస్తే (55−33)÷44×100, అంటే 50. తిప్పడం మరిచిపోతే కోలుకున్న మనిషి దిగజారినట్టు కనిపిస్తాడు. లైంగిక జీవితం ప్రశ్నలను చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఆ విభాగం స్కోరుగా సున్నా వేయకూడదు, చివరి స్కోరులో సున్నా అంటే అత్యంత అధ్వానం అని అర్థం. సగం కూడా నింపకపోతే ఆ విభాగానికి స్కోరు ఇవ్వకూడదు.

ఎస్ఎఫ్-36 బరువు ఊసెత్తదు. ఎక్కువగా గత 4 వారాల ఆరోగ్యాన్ని 8 విభాగాల్లో అడుగుతుంది. మోకాలి నొప్పి బరువు వల్లా, పాత దెబ్బ వల్లా అన్నది తేలదు. కానీ మామూలు బరువున్నవారితోనో, మధుమేహం ఉన్నవారితోనో పోల్చాలంటే ఇదే కావాలి. సన్నగా ఉన్నవారిని 'నీ బరువు వల్ల' అని అడిగి లాభం లేదు. వీలుంటే రెండూ ఇవ్వడం మంచిది.

ఈక్యూ-5డి-5ఎల్‌లో 5 ప్రశ్నలు, 0–100 కొలబద్ద ఒకటి. ఈ రోజు పరిస్థితే అడుగుతుంది. చికిత్స ఖర్చుకు తగ్గ ఫలితం లెక్కకట్టేవారికి ఇది బాగా పనికొస్తుంది. ఐదింటికీ 'ఇబ్బంది లేదు' అని మొదట్లోనే రాసినవారికి ఆ ఐదు ప్రశ్నల్లో ఇక మెరుగుదల చూపడానికి చోటుండదు.

ఏది ఎంచుకున్నా, తూకం వేయకముందే నింపించండి. అంకె చూశాక మనసు మారుతుంది. పక్కన జీవిత భాగస్వామి ఉండకూడదు. మొదటిసారి కాగితం మీద రాయించి, తర్వాత ఫోన్లో చదివి అడిగితే జవాబులు మారవచ్చు. ఐడబ్ల్యూక్యూఓఎల్-లైట్ మొత్తం స్కోరులో 3, 4 పాయింట్లు పెరిగితే సంబరపడొద్దు. తొలి స్కోరును బట్టి దాదాపు 7.7 నుంచి 12 పాయింట్లు పెరిగితేనే ఆ మనిషికి తేడా తెలిసినట్టు.