వారం ప్రణాళికలు పంచుకునే సాంకేతిక మిత్రబృందాలకు జూలిప్: ఒక సమీక్ష

సాంకేతిక అభిరుచి ఉన్న పదిమంది కలిసి, పోయిన వారం అనుకున్నదాంట్లో ఎంత అయింది, ఈ వారం ఏం చేయదలచుకున్నాం అని ప్రతి ఆదివారం రాసుకోవాలంటే, ఆ రాత నిలిచే చోటు ఒకటి కావాలి. మా బృందంలో కొందరు హైదరాబాదులో, కొందరు విశాఖపట్నంలో, మరికొందరు డాలస్‌లో ఉంటారు. ఉద్యోగం ముగిశాక సొంత ఆసక్తితో చేసుకునే పనులే మమ్మల్ని కలిపి ఉంచుతున్నాయి. వాట్సాప్ గ్రూపులో మొదలైన ఈ అలవాటు, పండగ శుభాకాంక్షలకూ ఫార్వర్డు వీడియోలకూ అడుగున పడిపోతుండటంతో, జూలిప్ అనే సందేశ వేదికకు మారాం. వారానికి ఒకసారి నింపాదిగా రాసుకునేవారికి ఇంతకన్నా తగిన సాధనం నేను చూడలేదు. తెలుగులో రాసేవారికి మాత్రం ఇందులో కొన్ని ఇబ్బందులు ఉన్నాయి, వాటినీ వివరిస్తాను.

జూలిప్ 2012లో అమెరికాలో మొదలైంది. 2014లో డ్రాప్‌బాక్స్ సంస్థ దాన్ని కొనుగోలు చేసింది, మరుసటి ఏడాదే అపాచీ లైసెన్సు కింద ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా కోడు చూసి వాడుకునేలా, విడుదల చేసింది. వ్యవస్థాపకుల్లో ఒకరైన టిమ్ అబ్బాట్ నేటికీ దాని అభివృద్ధికి నాయకత్వం వహిస్తున్నారు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను తీర్చిదిద్దేవారు, లీన్ అనే సాఫ్ట్‌వేర్‌తో గణిత నిరూపణలు రాసేవారు తమ చర్చలను ఇక్కడే జరుపుకుంటారు. మాకు దారి చూపింది మాత్రం న్యూయార్క్‌లోని రికర్స్ సెంటర్. ప్రోగ్రామర్లు కొన్ని వారాల పాటు తమకు నచ్చిన పని తామే ఎంచుకుని నేర్చుకునే ఆ కేంద్రంలో, ప్రతి ఒక్కరూ తమ పేరుతో ఒక టాపిక్ (విడి సంభాషణ) తెరచి, ఈ రోజు ఏం చేశాం, రేపు ఏం చేస్తాం అని అందులో రాసుకుంటారు. ఆ పద్ధతినే మేము వారానికి ఒకసారిగా మార్చుకున్నాం.

జూలిప్‌లో ఛానెల్ కింద వచ్చే ప్రతి సంభాషణకూ ఒక టాపిక్ ఉంటుంది. ఈమెయిలుకు విషయం రాసినట్టే ఇక్కడ టాపిక్ పేరు రాస్తాం, దానికి వచ్చే జవాబులన్నీ ఆ పేరు కిందే చేరుతాయి. మేము ‘వారం ప్రణాళిక’ అనే ఛానెల్ పెట్టుకుని, అందులో మనిషికొక టాపిక్ ఇచ్చాం. ప్రాజెక్టులకు వేరే ఛానెల్ ఉంది, అందులో పనికొక టాపిక్ ఉంటుంది. ఆదివారం సాయంత్రం గుర్తుచేసే సందేశాన్ని పైథాన్ భాషలో రాసిన ఒక చిన్న బాట్ (దానంతటదే నడిచే ప్రోగ్రాం) పంపుతుంది. ఎవరైనా రెండు వారాలు రాయకపోయినా వారి టాపిక్ అలాగే ఉంటుంది కాబట్టి, తిరిగి వచ్చినప్పుడు ఆగిన చోటి నుంచే అందుకోవచ్చు. పదిమంది మాటలు కలగలిసి పారే గ్రూపులో ఈ కొనసాగింపు సాధ్యం కాదు.

దీని విలువ మా విశాఖ మిత్రుడి మిద్దెతోట ప్రాజెక్టులో బాగా తెలిసింది. ఆయన వైఫై ఉన్న ఈఎస్‌పీ32 అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు మట్టి తేమను కొలిచే సెన్సర్ కలిపి, తేమ తగ్గితే చిన్న పంపు దానంతటదే నడిచేలా చేయాలనుకున్నారు. ‘ఈ వారం సెన్సర్ అంకెలను వైఫైలో పంపడం’ అని ప్రణాళికలో రాశారు. వారాంతానికి మాత్రం, వైఫై లేనప్పుడు అంకెలు సరిగా వస్తున్నాయని, వైఫై కలపగానే చెడిపోతున్నాయని, పిన్నుల పట్టికతో సహా తన టాపిక్‌లో పెట్టారు. సెన్సర్ తీగ 25వ పిన్నుకు ఉందని ఆ పట్టికలో చూసిన డాలస్ మిత్రుడు కారణం పట్టేశారు. ఈఎస్‌పీ32లో సెన్సర్లు ఇచ్చే అనలాగ్ (హెచ్చుతగ్గులయ్యే వోల్టేజీ) విలువలను చదివే విభాగాలు రెండున్నాయి. వాటిలో రెండవదాన్ని వైఫై నడిచేటప్పుడు ఆ వైఫై భాగమే వాడుకుంటుంది, 25వ పిన్ను ఆ రెండవ విభాగానికి చెందినది. తీగను మొదటి విభాగంలోని 34వ పిన్నుకు మార్చగానే అంకెలు కుదురుకున్నాయి. ఆ టాపిక్‌కు ‘పరిష్కారమైంది’ అనే టిక్కు గుర్తు పెట్టాం. ఆ తర్వాత హైదరాబాదులో మరొకరు నీళ్ల ట్యాంకు మట్టాన్ని కొలిచే పని మొదలుపెట్టినప్పుడు, ఎవరినీ అడగకుండానే ఆ టాపిక్ చదివి మొదటే 34వ పిన్ను ఎంచుకున్నారు. వారం ప్రణాళికలు పంచుకోవడం వల్ల మాకు దక్కిన అసలు ఫలితం ఇదేనని నేను నమ్ముతున్నాను.

కోడు రాసేవారికి కావలసిన సౌకర్యాలు ఇందులో నిండుగా ఉన్నాయి: కోడు రంగుల్లో విడివిడిగా కనిపిస్తుంది, గణిత సూత్రాలు లాటెక్ అనే రాత పద్ధతిలో రాస్తే అచ్చులో ఉన్నట్టే వస్తాయి, కోడు దాచుకునే గిట్‌హబ్ వేదికలో చేర్చిన మార్పుల సమాచారం నేరుగా సంబంధిత టాపిక్‌లోకి వస్తుంది. చదవనివాటిని ‘ఎన్’ మీట నొక్కుతూ ఒక్కో టాపిక్‌గా ముగించవచ్చు. సందేశంలో సమయాన్ని ప్రత్యేక పద్ధతిలో చేర్చే వీలుంది, మాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే. ఆదివారం రాత్రి 8:30కి వీడియో కాల్ అని హైదరాబాదు నుంచి రాస్తే, వేసవిలో డాలస్ మిత్రుడికి అది ఉదయం 10:00గా, చలికాలానికి అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాక 9:00గా కనిపిస్తుంది.

ఇక ఇబ్బందుల సంగతి. టాపిక్ పేరుకు 60 స్థానాల పరిమితి ఉంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో గుణింతం గుర్తులు, ఒత్తులు వేర్వేరుగా లెక్కకు వస్తాయి కాబట్టి ‘ప్రాజెక్టు’ అనే మూడక్షరాల మాటే 10 స్థానాలను తీసుకుంటుంది. వివరంగా పేరు పెడదామంటే చోటు చాలదు. అంతకన్నా పెద్ద లోపం వెతుకులాటలో ఉంది. అక్కడి ఏర్పాటు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసినది. ఇంగ్లీషు మాట రూపాలను కలిపి చూసే తెలివి దానికి ఉంది గానీ, విభక్తి చేరిన తెలుగు మాటలను అది అలా గుర్తించదు. ‘పంపు’ అని వెతికినప్పుడు ‘పంపుకు’, ‘పంపుతో’ అని రాసిన సందేశాలు తప్పిపోవచ్చు. సొంత సర్వరు నడిపేవారు పీజీరూంగా అనే అదనపు భాగాన్ని చేర్చుకుని ఇతర భాషల వెతుకులాటను మెరుగుపరచుకోవచ్చు, మిగిలినవారు ముఖ్యమైన మాటను టాపిక్ పేరులో విడిగా రాయడం అలవాటు చేసుకోవాలి. కొత్తగా చేరినవారికి ప్రతి మాటకూ టాపిక్ ఇవ్వడం మొదట బరువుగానే ఉంటుంది. కబుర్లే ప్రధానమైన బృందానికి దీన్ని నేను సూచించను.

ఖర్చు విషయానికొస్తే, జూలిప్ సంస్థ తన సర్వర్లపై నడిపే సేవలో ఉచిత పథకం ఉంది, అందులో ఇటీవలి 10,000 సందేశాల వరకే వెనక్కి వెళ్లి చూడగలం. పదిమంది వారానికి తలా 20 సందేశాలు రాస్తే ఏడాదిలోనే ఆ హద్దు దాటుతుంది. పాత ప్రణాళికలు తిరగేయడమే ముఖ్యమైన మాలాంటివారికి ఇది చిన్న విషయం కాదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు, విద్యా, పరిశోధన బృందాలకు దరఖాస్తు మీద పూర్తిస్థాయి సేవను ఉచితంగా లేదా తగ్గింపు ధరకు ఇస్తారు. లినక్స్ రకాలైన ఉబుంటు గానీ డెబియన్ గానీ ఉన్న, 2 జీబీ మెమొరీ కలిగిన చిన్న సర్వరు అద్దెకు తీసుకోగలిగితే అన్ని సౌకర్యాలతో సొంతంగానే నడుపుకోవచ్చు; చందా లేదు, సందేశాలకు హద్దు లేదు. అయితే ఫోన్లకు నోటిఫికేషన్లు జూలిప్ సంస్థ సర్వరు మీదుగానే రావాలి, అది 10 మంది వరకు ఉచితం. సంస్థ సేవలో మొదలుపెట్టి సొంత సర్వరుకు మారాలనుకున్నా, సందేశాలన్నిటినీ ఎగుమతి చేసి తెచ్చుకునే వీలుంది. బృందంలో ఒక్కరికైనా లినక్స్ సర్వరు నిర్వహణ వచ్చి, బ్యాకప్‌ల బాధ్యత తీసుకునే ఓపిక ఉంటే, మొదటి నుంచే సొంత సర్వరు మీద పెట్టుకోవడం మేలు. అలాంటివారు లేకపోతే ఉచిత పథకంతో మొదలుపెట్టి, 10,000 సందేశాలు నిండకముందే నిర్ణయం తీసుకుంటే సరిపోతుంది.