అడ్వాన్సు ఇవ్వకముందే పత్రాలు చూపించండి: కర్నూలులో నేను వాడుకున్న సేవ

కర్నూలులో మొదటిసారి స్థలం మీద డబ్బు పెడదామనుకునేవాళ్లు ఎవరు అడిగినా, ముందు బి-క్యాంపు వైపు ఉన్న ఒక న్యాయవాది దగ్గరికి పంపుతున్నాను. ఆస్తి పత్రాలు పరిశీలించి, కొనవచ్చో లేదో రాతపూర్వకంగా చెప్పడమే ఆయన పని. మా దగ్గర 6,000 రూపాయలు తీసుకున్నారు. ఆయన ప్రచారం కోరుకోరు కాబట్టి పేరు రాయడం లేదు.

నేనూ మా బావమరిదీ ఓర్వకల్లు దారిలో పదిహేను సెంట్లు చూశాం. 2021లో విమానాశ్రయం మొదలయ్యాక అటువైపు ఎవరు ధర చెప్పినా దాని పేరే ముందు ఎత్తుతారు. మధ్యవర్తి తెచ్చిన ఈసీలో (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తాకట్టు లేదు, పాత అమ్మకం లేదు. ఈసీ శుభ్రంగా ఉంటే చాలని చాలామంది అక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తారు.

ఆయన ఆ ఈసీని ఒకసారి చూసి పక్కన పెట్టి, 1994 నాటి భాగపరిష్కార పత్రం చివరి పేజీ తీశారు. తండ్రి వీలునామా రాయకుండా పోయాక ముగ్గురు అన్నదమ్ములు పిత్రార్జితం పంచుకున్న కాగితం అది. సంతకాల మీద వేలు ఆనించి, ‘ఆడపిల్లలు లేరా?’ అని అడిగారు. ఇద్దరున్నారని, కట్నాలిచ్చి పంపించామని అమ్మేవాళ్లు చెప్పారు. ‘చిన్నామె పెళ్లి ఏ సంవత్సరం?’ అన్నారు. 1988 అని తేలింది. అప్పుడు మాకు విడమరచి చెప్పారు: మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. ఇక పెద్దామెకు తండ్రి వాటాలో వారసత్వం ఎలాగూ ఉంది. ఇద్దరూ హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయిస్తేనే ముందుకు వెళ్లమన్నారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, సంతకం పెట్టనివాళ్లు ఎక్కడా కనిపించరు. ఈ ఒక్క ప్రశ్నకే ఆయన ఫీజు చెల్లిపోయిందని నా అభిప్రాయం.

తర్వాత చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దుల వివరం, చదివారు. పాత పత్రంలో ‘దక్షిణం: వంక’ అని ఉంది, కొత్తగా రాసుకొచ్చిన ముసాయిదాలో అదే ‘ఖాళీ స్థలం’ అయింది! ఎఫ్‌ఎంబీ పటం (ప్రభుత్వ సర్వే కొలతల పటం) తెప్పించి చూస్తే వంక పోరంబోకు (వాగు కింద ఉన్న ప్రభుత్వ భూమి) గీత మాకు చూపించిన హద్దు లోపలికి వచ్చింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచడం చూసినవాళ్లకు వంకను పూడ్చి ఇల్లు కట్టడమంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

వెంచరులో ప్లాటు అయితే ఆయన అడిగేవి వేరు. కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిన లేఅవుటు అనుమతి ఉందా, 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు కాబట్టి రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉందా, సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, మూలం డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి పట్టా) ఏమైనా ఉందా? రెరా కింద ఉన్న ప్రాజెక్టులో అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదన్న సంగతి కూడా నేను ఆయన దగ్గరే విన్నాను. కొత్తగా కొనేవాళ్లు దీన్ని గట్టిగా పట్టుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. స్థలం దగ్గరికి ఆయన రారు, కొలతకు సర్వేయరును మనమే విడిగా మాట్లాడుకోవాలి. నివేదిక చెప్పిన తేదీకి రాలేదు, వచ్చాక చదివితే సగం కోర్టు భాష. కూర్చోబెట్టి వివరిస్తారు గానీ, ఇంటికి తీసుకెళ్లి భార్యాబిడ్డలకు చదివి వినిపించేలా తేలిక తెలుగులో రాసిస్తే ఎంతో బాగుండేది. కోర్టు వేళల్లో ఫోను ఎత్తరు.

మా విషయంలో అక్కచెల్లెళ్లిద్దరూ వచ్చి విడుదల పత్రం మీద సంతకాలు పెట్టారు. చిన్నామెకు అన్నలు కొంత డబ్బు ముట్టజెప్పారు. వంక వైపు భాగం వదిలేసి మిగిలిన పన్నెండు సెంట్లే రిజిస్టరు చేయించుకున్నాం.

వెళ్లేటప్పుడు లింకు డాక్యుమెంట్లన్నీ (ఆ స్థలం చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ, రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1-బి, అమ్మేవాళ్ల కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జిరాక్సులు తీసుకెళ్లండి. సాయంత్రం ఆరు తర్వాత వెళితే తీరిగ్గా మాట్లాడతారు.