టోయిక్ కేసు: ‘దొంగ పరీక్ష’ వార్త, ‘నిర్దోషి విద్యార్థి’ వార్త

2014 ఫిబ్రవరిలో బీబీసీ పరిశోధనాత్మక కార్యక్రమం ‘పనోరమా’ లండన్‌లోని టోయిక్ పరీక్షను (అప్పట్లో బ్రిటన్ విద్యార్థి వీసా కోసం రాసే ఇంగ్లీష్ పరీక్ష) రహస్య కెమెరాలో చూపించింది. అభ్యర్థులు లేచి పక్కకు తప్పుకుంటే వాళ్ల కుర్చీల్లో వేరేవాళ్లు కూర్చుని పరీక్ష రాశారు. ఇంకో పరీక్షలో జవాబులు పైకి చదివి వినిపించారు. దృశ్యం కళ్లకు కట్టింది కాబట్టి వార్త పేలింది. తర్వాత వచ్చిన ‘97 శాతం అనుమానాస్పదం’ అన్న శీర్షికతోనే చిక్కంతా.

టోయిక్ నిర్వహించే సంస్థ ఈటీఎస్, రికార్డైన గొంతులను పోల్చి పరిశీలించిన పరీక్షలు 58,458. అందులో 33,663 చెల్లనివి. అంటే వేరొకరి గొంతు అని తేల్చినవి. 22,476 ‘సందేహాస్పదం’. అక్కడ అభ్యర్థి గొంతు మీద నేరుగా ఆధారం లేదు, పరీక్ష రాసిన కేంద్రం మీదే అనుమానం. ఈ రెండింటినీ కలిపేస్తేనే ఆ 97 దగ్గరకు వస్తుంది; ఈ అంకెలతో లెక్క వేస్తే 96 శాతం. చదివేవాడికి మాత్రం అందరూ కాపీ కొట్టినట్టే అనిపిస్తుంది.

రెండో రకం వార్త, ఈ ఫలితాలను చూసి హోం ఆఫీస్ (బ్రిటన్ హోం శాఖ) వీసా రద్దు చేసిన విద్యార్థి దగ్గర మొదలవుతుంది. గొంతు పోలిక ఎంత నమ్మదగినదో హోం ఆఫీస్ ముందే నిపుణులతో తేల్చుకోలేదని 2019లో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం చెప్పిన మాట ఇందులోనే దొరుకుతుంది. దీనికీ ఒక లోపముంది: ఇంగ్లీష్ అనర్గళంగా మాట్లాడేవాళ్లనే కెమెరా ముందుకు తెస్తారు. మోసం భారీగానే జరిగిందని, నడిపించినవాళ్లకు శిక్షలు పడ్డాయని చివరి పేరాలో ఉంటే ఉన్నట్టు!

ఒక్కటే చదివే తీరికుంటే నా ఓటు రెండోదానికి. అంకెలు మాత్రం ఆడిట్ నివేదికలోనే చూసుకోవాలి.