విండోస్ 11: తెలుగు డీటీపీ షాపులో రెండు పెళ్లిళ్ల సీజన్లు వాడాక

మా షాపు ఒంగోలులో. పెళ్లి కార్డులు, కోర్టు పిటిషన్లు, చీమకుర్తి గ్రానైట్ వాళ్ల లెటర్‌హెడ్లు, పొగాకు రైతుల బ్యాంకు కాగితాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు... రోజంతా తెలుగు టైపింగే. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది కాబట్టి, ఆ గడువు దగ్గర పడకముందే షాపులోని రెండు మిషన్లలో ఒకదాన్ని 11కి మార్చాను. అప్పటినుంచీ నా పనంతా దాని మీదే. ఒక మాఘమాసం, ఒక శ్రావణం దాటాయి. నెట్‌లో కనిపించే రివ్యూలు ఎక్కువగా ఆటలు ఆడేవాళ్ల కోసమో, ఆఫీసుల్లో ఇంగ్లీషులో పనిచేసేవాళ్ల కోసమో రాసినవి. మనకు తేలాల్సిన సంగతులు వేరు. ఫాంట్లు ఏమవుతాయి, పాత ఫైళ్లు తెరుచుకుంటాయా, సీజన్లో పని ఆగుతుందా అన్నవే మనకు ముఖ్యం.

ముందు ఇన్‌స్టాలేషన్ గురించి. మాది ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మిషన్. అర్హత చూసే యాప్ పెడితే ఇది పనికిరాదని చెప్పింది. ఆ మాట చూసి కొత్త మిషన్ కొనేసినవాళ్లు నాకు తెలుసు. అంత తొందర అక్కర్లేదు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నది 11 పెట్టిన షరతు. చాలా ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ అనే పేరుతో బయోస్‌లోనే, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మిషన్ సెట్టింగుల్లోనే ఉంటుంది, కాకపోతే ఆఫ్ చేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేశాను. తర్వాత, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే మిషన్ మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ అడిగింది. డిస్క్‌ను భాగాలు చేసే పద్ధతుల్లో పాతదైన ఎంబీఆర్‌లో మా డిస్క్ ఉంది, దానికి కొత్తదైన జీపీటీ కావాలి. ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకుని, విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో దాన్ని జీపీటీకి మార్చి, బయోస్‌లో యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరహా బూట్ పద్ధతి పెట్టాక పని జరిగింది. ప్రాసెసర్ ఎనిమిదో తరం కంటే పాతదైతే మాత్రం, కొన్ని మినహాయింపులు తప్ప, ఈ తంటాలన్నీ పడినా అధికారికంగా అర్హత రాదు.

అప్‌గ్రేడ్ అయ్యాక పది రోజుల లోపు మళ్లీ 10కి వెనక్కి వెళ్లే వీలుంటుంది. ఆ పది రోజుల్లో షాపులో వాడే ప్రతి సాఫ్ట్‌వేరూ తెరిచి, ప్రతి ప్రింటర్ మీదా ఒక ప్రింటు తీసి చూసుకోవాలి. ముహూర్తాలు లేని రోజులు చూసి పెట్టుకోవడం మంచిది.

ఇక తెలుగు. యూనికోడ్ తెలుగు, అంటే ఏ మిషన్‌లోనైనా తెలుగు అక్షరాలుగానే గుర్తించే పద్ధతి వరకు నాకు ఫిర్యాదు లేదు. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ చక్కగా పనిచేస్తుంది. షాపులో టైప్ చేసే అమ్మాయి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫోనెటిక్ కీబోర్డు వాడుతుంది, తనకూ ఇబ్బంది లేదు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. సమస్యంతా ఫాంట్ల దగ్గర. ఒకప్పుడు విండోస్‌లో తెలుగంటే గౌతమి, ఆ తర్వాత వాణి. విండోస్ 10 నుంచి ఈ రెండూ అదనపు ఫీచర్ల కిందకు వెళ్లిపోయాయి, అందరికీ వచ్చేది నిర్మలా యూఐ ఒక్కటే. మా మిషన్‌లో పాతవి ముందే ఉన్నాయి కాబట్టి అప్‌గ్రేడ్ తర్వాతా నిలిచాయి. ఒక లాయరు గారి గుమాస్తా కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక ఫోన్ చేశాడు. "సార్, మీరు పంపిన పిటిషన్‌లో లైన్లన్నీ కదిలిపోయినాయి. సంతకం చోటు ఒక్కటే ఇంకో పేజీలో పడింది" అని. ఫైలు గౌతమిలో చేసింది, ఆయన ల్యాప్‌టాప్‌లో గౌతమి లేదు. వేరే ఫాంట్ వచ్చి కూర్చునేసరికి పంక్తుల ఎత్తు మారి పేజీలు తప్పాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ దించుకుంటే సరిపోయింది. ఇది చిన్న పనే. కానీ తెలుగులో రాసేవాడికి ఇది ముందే చెప్పే చోటు లేకపోవడం నాకు బాధగానే ఉంది. ఇంతమంది మాట్లాడే భాషకు పాత ఫాంటును వెతికి తెచ్చుకోవలసిన పరిస్థితి ఉండకూడదు.

అసలు గట్టి దెబ్బ తగిలేది పాత ఫాంట్ల పని దగ్గర. డీటీపీ వాళ్లకు వివరం అక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెబుతాను. యూనికోడ్ రాకముందు చేసిన తెలుగు ఫైళ్లలో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో గుడులు, కొమ్ములు, ఒత్తులు విడివిడి బొమ్మలుగా కూర్చుని ఉంటాయి. ఆ ఫాంట్ లేకపోతే ఫైలు తెరిచినప్పుడు కనిపించేది అర్థంలేని ఇంగ్లీషు ముక్కలే. మా దగ్గర ఇరవై ఏళ్ల పని అలాంటి ఫైళ్లలోనే ఉంది, అదీ ఎక్కువ భాగం పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అది 11లో, పాత సాఫ్ట్‌వేర్లను నడిపించే కంపాటిబిలిటీ మోడ్ పెడితే మా దగ్గర తెరుచుకుంటోంది. చిక్కంతా ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కు ఉన్న డాంగిల్‌తో, అంటే అది నడవాలంటే మిషన్‌కు తగిలించాల్సిన తాళంలాంటి పరికరంతో వచ్చింది.

విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ అని ఒక పేజీ ఉంటుంది. అందులో హానికరమైన కోడ్ విండోస్ లోపలికి చొరబడకుండా చూసే మెమరీ ఇంటిగ్రిటీ ఆన్ చేయబోతే, ఫలానా డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) దీనికి సరిపడదని డాంగిల్ డ్రైవర్ పేరు చూపించి ఆగిపోయింది. ఆ రక్షణ కావాలంటే డ్రైవర్ తీసేయాలి. డ్రైవర్ ఉంచుకోవాలంటే రక్షణ ఆఫ్‌లోనే ఉంటుంది. ఆ డాంగిల్‌కు కొత్త డ్రైవర్ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. మా మిషన్‌కు రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవులు పెడతాం. జనం ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, భూమి కాగితాలు అందులో స్కాన్ అవుతాయి. అలాంటి మిషన్‌లో రక్షణ తగ్గించుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు. డ్రైవర్ తీసేసి, పాత ఫాంట్ల పనంతా రెండో మిషన్‌కు మార్చేశాను. విండోస్ 11 ఈ విషయంలో కఠినంగా ఉండటం సరైనదేనని నా అభిప్రాయం. దాని వల్ల నష్టపోయింది మాలాంటి చిన్న షాపులేనన్నదీ నిజమే.

పాతవి ఎందుకు, యూనికోడ్‌లోకి మార్చేయొచ్చుగా అంటారు. కన్వర్టర్లు ఉన్నాయి, వాడుతున్నాం. మామూలు వ్యాసమైతే చాలావరకు బాగానే వస్తుంది. పేర్ల దగ్గరే భయం. వెంకటేశ్వర్లులో ఒక ఒత్తు జారినా, ఇంటి పేరులో దీర్ఘం పోయినా ఆ పెళ్లి కార్డు చెత్తబుట్టకే. టంగుటూరు నుంచి వచ్చే ఒకాయన, "మా పెద్దోడి పెళ్లికి ఏసిన కార్డు ఉంది గదా అన్నా, దాంట్లోనే పేర్లు మార్చి ఇయ్యి" అంటాడు. ఆయనకు ఆ పాత కార్డే కావాలి, అదే వంపు అక్షరాలు, అదే బార్డరు. అది మళ్లీ యూనికోడ్ ఫాంట్‌లో కొట్టి చూపిస్తే "ఇది మనది కాదన్నా" అంటాడు. ఆయన మాటా న్యాయమే.

నాకు బాగా నచ్చిన వాటిలో మొదటిది స్నాప్ లేఅవుట్లు. విండోస్ కీ, జెడ్ నొక్కితే స్క్రీన్‌ను ఎలా పంచుకోవాలో చూపిస్తుంది. ఎడమ పక్క వాట్సాప్‌లో వచ్చిన చేతిరాత ఫొటో, కుడి పక్క టైప్ చేసే ఫైలు. మధ్యలో వేరే పని వచ్చి మళ్లీ తిరిగొస్తే ఆ జత జతగానే ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ప్రూఫు చూడటం ఎంత తేలికైందో చెప్పలేను. రెండోది నోట్‌ప్యాడ్. ఇప్పుడు అందులో ట్యాబులు వచ్చాయి, సేవ్ చేయకుండా మూసినా రాసింది పోవట్లేదు. ఎండాకాలం కరెంటు పోయి వచ్చే మా ఊళ్లో ఇది పెద్ద సౌకర్యం. అయితే 24హెచ్2 వెర్షన్‌తో వర్డ్‌ప్యాడ్ తీసేశారు. వర్డ్‌ప్యాడ్‌లో తెరిచే ఆర్‌టీఎఫ్ ఫైళ్లు తెచ్చేవాళ్ల కోసం లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను.

నచ్చనిది టాస్క్‌బార్. నేను దాన్ని ఎప్పుడూ ఎడమ అంచున నిలువుగా పెట్టుకునేవాణ్ని. ఏ4 పేజీ నిలువుగా ఉంటుంది కాబట్టి కింద ఆ పట్టీ లేకపోతే రెండు మూడు లైన్లు ఎక్కువ కనిపిస్తాయి. నేను వాడుతున్న వెర్షన్‌లో దాన్ని కింద నుంచి కదపడానికి లేదు. అన్నేళ్లుగా ఉన్న వెసులుబాటును తీసేయాల్సిన అవసరం ఏమిటో నాకు అర్థం కాదు. రైట్ క్లిక్ మెనూ కూడా కుదించారు. కావలసినవి మరో క్లిక్ వెనక దాక్కుంటాయి. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది, ఇప్పుడు చెయ్యి దానికే అలవాటు పడింది.

ఫైళ్లను మైక్రోసాఫ్ట్ సర్వర్లలో దాచే క్లౌడ్ బ్యాకప్ ఆన్ చేయమని విండోస్ పదే పదే అడుగుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. మా డిజైన్ ఫైళ్లకు అది ఏ మూలకూ చాలదు. పైగా అవి ఖాతాదారుల కాగితాలు, మన చేతిలోని డిస్క్‌లోనే ఉండాలని నా పట్టుదల. అందుకే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లకు దాన్ని ఆపేశాను. అప్‌డేట్లను ఐదు వారాల దాకా వాయిదా వేయొచ్చు. శ్రావణం వచ్చే ముందు అలా చేసి, ముహూర్తాలు అయ్యాక అన్నీ ఒకేసారి వేసుకుంటాను. 8 జీబీతో నడుస్తుంది గానీ, బ్రౌజరు, డిజైన్ సాఫ్ట్‌వేరు, స్కానరు ఒకేసారి తెరిస్తే బరువెక్కుతోంది. ఇంకో 8 వేశాక ఆ బాధ తీరింది.

రెండో మిషన్ ఏడో తరంది, 11కి అర్హత లేదు. దాన్ని 10లోనే ఉంచి, అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేర్చాను. అవి వచ్చేది 2026 అక్టోబరు 13 దాకానే. ఆ తేదీ తర్వాత దాని నెట్ కేబులు తీసేస్తాను. అందులో పేజ్‌మేకర్, డాంగిల్, పాత కార్డులు మాత్రమే ఉంటాయి. ఫైలు పెన్‌డ్రైవ్‌లో రాదు, పోదు. పీడీఎఫ్ కూడా ఇవ్వకుండా అక్కడికక్కడే ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి ప్రెస్సుకు పంపుతాం. ఈలోగా పని తక్కువ ఉన్న రోజుల్లో, మళ్లీ మళ్లీ అడిగే కార్డులను ఒక్కొక్కటిగా యూనికోడ్‌లో కొట్టించి, పేర్లన్నీ నేనే చదివి సరిచూస్తున్నాను.