ముప్పై దాటాక పళ్లకు క్లిప్పులు: డీప్ బైట్, చిగుళ్ల నవ్వు ఎంతవరకు తగ్గాయి

క్లిప్పులు తీసేసి రెండేళ్లు దాటింది, ఇప్పుడైతే ధైర్యంగా చెప్పొచ్చు. నా పై పళ్లు కింది పళ్లను దాదాపు పూర్తిగా కప్పేసేవి, దీన్నే డీప్ బైట్ అంటారు. కింది పళ్ల అంచులు అంగిట్లో గుచ్చుకునేవి. నవ్వితే పళ్లకంటే ముందు చిగుళ్లు కనిపించేవి.

బెంగళూరు మారతహళ్లిలో మొదట చూపించుకున్న డాక్టర్ నోట్లోకి ఓసారి చూసి ప్యాకేజీ రేటు చెప్పేశాడు. రెండో ఆవిడ తలకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు, నవ్వించి పెదవి ఎంత పైకి లేస్తోందో కొలిచారు. చిగుళ్లు కనిపించే కారణాన్ని బట్టి వైద్యం ఉంటుందన్నారు: పై వరస ముందరి పళ్లు కిందికి దిగి ఉంటే పైకి ఎక్కించాలి, చిగురే పళ్లను కప్పితే కాస్త కత్తిరించాలి, పెదవి అతిగా లేస్తే బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్), అదీ పనిచేసేది కొన్ని నెలలే. పై దవడ ఎముకే పొడవైతే ఆపరేషన్, ఎందుకంటే మన వయసులో ఎముక ఎదుగుదలను మళ్లించడం కుదరదు. నాది చాలావరకు మొదటిది, కొంత ఎముకది. "ఆపరేషన్ లేకుండా తగ్గుతుంది, మొత్తం పోదు" అన్నారు. ఆ మాట నచ్చే అక్కడ చేరాను.

పై పళ్ల వేర్ల మధ్య ఎముకలోకి టైటానియం మినీ స్క్రూలు బిగించి, వాటి నుంచి పళ్ల తీగకు ఎలాస్టిక్ కట్టి మెల్లగా పైకి లాగారు. స్క్రూ అంటే టెన్షన్ పడ్డాను గానీ, మత్తు సూదే ఎక్కువ నొప్పి. ఒకటి వదులైతే మళ్లీ వేశారు, అది మామూలేనట. గట్టిగా లాగితే వేర్లు కరిగి పొట్టివవుతాయని మధ్యమధ్య ఎక్స్‌రేలు తీసేవారు. అసలు కష్టం బైట్ టర్బోలది, అంటే పళ్లు పూర్తిగా మూసుకోకుండా అడ్డుపెట్టే చిన్న దిమ్మెలది. పై పళ్ల వెనక అవి అంటించాక దవడ పళ్లు ఒకదానికొకటి ఆనవు. కొన్నాళ్లు పెరుగన్నం, ఉప్మాయే గతి.

పైన సెరామిక్ క్లిప్పులు, కింద మెటల్‌వి వేశారు. డీప్ బైట్‌లో కింద కూడా సెరామిక్ వేస్తే దానికి తగిలి పై పళ్లు అరుగుతాయట. సెరామిక్ తెల్లగానే ఉంటుంది, దాని మీద వేసే రబ్బరు రింగులే పప్పుచారుకు పచ్చబడతాయి. రేపు రింగులు మారుస్తారనగా ఆవకాయ కలుపుకునేదాన్ని.

డీప్ బైట్ పూర్తిగా సరైంది, అంగిట్లో పుండ్లు లేవు. చిగురు పెద్దగా నవ్వితే ఇంకా కొంచెం కనిపిస్తుంది. పళ్ల వెనక సన్న తీగ, రాత్రిళ్లు రిటైనర్ (పళ్లు మళ్లీ జరగకుండా పెట్టుకునేది) ఇప్పటికీ ఉన్నాయి. డీప్ బైట్ తిరగబెట్టే రకం కాబట్టి ఇవి మానొద్దన్నారు. రిటైనర్‌ను వేడినీళ్లలో కడిగితే వంగిపోతుంది. స్క్రూ ఊడినా, రిటైనర్ పాడైనా మళ్లీ డబ్బు తీసుకుంటారేమో చేరకముందే అడగండి.