విక్టరీ ఫండ్: గే అభ్యర్థుల్ని గెలిపించడమే పనిగా పెట్టుకున్న సంస్థ ఎలా పనిచేస్తోంది?

అమెరికాలో గే అనో లెస్బియన్ అనో ట్రాన్స్ అనో బాహాటంగా చెప్పుకుని ఎన్నికల్లో నిలబడాలనుకునేవాళ్ళకి ముందుగా వినపడే పేర్లలో ఎల్‌జీబీటీక్యూ విక్టరీ ఫండ్ ఒకటి. నా మార్కులు 5కి 4. ఒక మార్కు ఎందుకు కోశానో కింద చెప్తాను. హక్కుల సంఘం అనుకుని దీని దగ్గరికి వెళ్తే మాత్రం నిరాశపడతారు. ధర్నాలు, కోర్టు కేసులు వీళ్ళ పని కాదు. అభ్యర్థిని చూస్తారు, గెలిచే దారి ఉందా లేదా లెక్కేస్తారు, ఉందనిపిస్తే వెనక నిలబడతారు.

1991లో మొదలైంది. మహిళా అభ్యర్థుల కోసం ఎమిలీస్ లిస్ట్ అప్పటికే చేస్తున్న పని చూసి అదే పద్ధతి పట్టుకున్నారు. మొదట మద్దతిచ్చిన షెర్రీ హారిస్ ఆ ఏడాదే సియాటిల్ సిటీ కౌన్సిల్‌కి గెలిచింది. బోణీ బాగానే అయిందన్నమాట.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు తెలివంతా అక్కడే ఉంది. ఫెడరల్ (జాతీయ స్థాయి) ఎన్నికల్లో, అభ్యర్థులకి డబ్బు సేకరించే ఇలాంటి సంస్థ (చట్టం భాషలో కమిటీ) తన ఖాతాలోంచి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 5,000 డాలర్లకి మించి ఇవ్వకూడదు, పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఒక ఎన్నిక, పదవి కోసం జరిగే జనరల్ ఇంకో ఎన్నిక. సెనేట్ పోటీలో ఆ డబ్బు ఒక్కరోజు టీవీ ప్రకటనలకి కూడా చాలదు. అందుకని దేశమంతా ఉన్న దాతలకి అభ్యర్థుల్ని పరిచయం చేసి, ఎవరికి వాళ్ళు నేరుగా ఆ అభ్యర్థి పేరు మీదే ఇచ్చేలా చూసి, అవన్నీ పోగేసి అందజేస్తారు. దీన్ని బండ్లింగ్ అంటారు. ఆ మొత్తం దాతల సొంత పరిమితిలోకి వస్తుంది కాబట్టి కమిటీ పరిమితి అడ్డు రాదు. చిన్న నియోజకవర్గంలో, ఇంట్లోవాళ్ళే సాయం చేయని అభ్యర్థికి ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని వాళ్ళ నుంచి మొదటి నెలల్లోనే డబ్బు రావడం మామూలు విషయం కాదు.

దీని ఫలితం చూడాలంటే టామీ బాల్డ్విన్. అంతకుముందు కాంగ్రెస్‌లో (అమెరికా పార్లమెంటులో) ఉన్న గే సభ్యులు పదవిలోకి వచ్చాక బయటపడ్డవాళ్ళు. ఈమె ముందే అందరికీ చెప్పి 1998లో విస్కాన్సిన్ నుంచి ప్రతినిధుల సభకి గెలిచింది, 2012లో సెనేట్‌కీ వెళ్ళింది. రెండుసార్లూ విక్టరీ ఫండ్ వెనకే ఉంది.

నాకైతే డబ్బు కంటే శిక్షణే నచ్చింది. విక్టరీ ఇన్‌స్టిట్యూట్ అని పక్కనే ఇంకో విభాగం ఉంది, పార్టీలతో సంబంధం లేకుండా నడుస్తుంది, అభ్యర్థులకీ ప్రచారం నడిపేవాళ్ళకీ కలిపి నాలుగు రోజులు గట్టిగా శిక్షణ ఇస్తుంది. జట్లుగా విడగొట్టి ఉత్తుత్తి ప్రచారం ఒకటి మొత్తం నడిపిస్తారు. గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలి, అవి ఏ వీధుల్లో ఉన్నాయి, ఎన్ని తలుపులు తట్టాలి, ఫోన్ పట్టుకుని తెలిసినవాళ్ళని సిగ్గుపడకుండా డబ్బు ఎలా అడగాలి... అన్నీ విసుగు పుట్టించే పనులే. ఎన్నికలు గెలిచేది మాత్రం వీటితోనే, ఉపన్యాసాలతో కాదు.

"మీరు గే కదా?" అని అడిగినప్పుడు ఏం చెప్పాలన్నదీ అభ్యర్థి ముందే తేల్చుకోవాల్సిన విషయం. అవును అని ఒక్క ముక్కలో చెప్పి మళ్ళీ ఊరి సమస్యలోకి వచ్చేయడం, నా లెక్కలో, అన్నిటికంటే బాగా పనిచేసిన జవాబు. విక్టరీ ఫండ్ మద్దతుతో 2017లో వర్జీనియా రాష్ట్ర దిగువ సభకి పోటీ చేసిన డానికా రోమ్ అదే చేసింది. ట్రాన్స్ మహిళ. ప్రత్యర్థి బాబ్ మార్షల్ పాతికేళ్ళుగా పాతుకుపోయినవాడు, ట్రాన్స్ వాళ్ళు ఏ బాత్రూమ్ వాడాలన్న దాని మీద బిల్లు పెట్టినవాడు. ఈమె ఎక్కడికి వెళ్ళినా రూట్ 28 ట్రాఫిక్ గురించే మాట్లాడింది. గెలిచింది, 2023లో రాష్ట్ర సెనేట్‌కి కూడా వెళ్ళింది.

ఇక కోసిన మార్కు. మద్దతు కావాలంటే అభ్యర్థి బాహాటంగా చెప్పుకునే వ్యక్తి అయ్యుండాలి, సమానత్వానికీ గర్భస్రావ హక్కుకీ కట్టుబడి ఉండాలి, గెలిచే అవకాశం ఉందని చూపించాలి. చివరిదానితోనే పేచీ. డబ్బు, జనం ఉంటేనే అవకాశం ఉన్నట్టు కనపడుతుంది, వీళ్ళ మద్దతు వస్తేనే కొత్తవాళ్ళకి ఆ డబ్బు, జనం వస్తాయి. మొదటిసారి నిలబడేవాడు ఇక్కడే ఇరుక్కుపోతాడు. 2017 చివర్లో ఈ సంస్థ పగ్గాలు పట్టి ఏడేళ్ళు నడిపిన ఆనిస్ పార్కర్ కూడా హ్యూస్టన్ కౌన్సిల్‌కి 1991లో, 1995లో ఓడిపోయాకే 1997లో గెలిచింది, 2009లో మేయర్‌గా గెలిచింది. రెండుసార్లు ఓడిన మనిషిని అవకాశం లెక్కలతో మాత్రమే చూసుంటే ఎవరైనా పక్కన పెట్టేసేవారే.

అలాగని నియమాలన్నీ తీసేయమనను. 2022లో న్యూయార్క్ మూడో నియోజకవర్గంలో రెండు పార్టీల అభ్యర్థులూ బాహాటంగా గే అని చెప్పుకున్నవాళ్ళే, కాంగ్రెస్ ఎన్నికల్లో అలాంటి పోటీ అదే మొదటిది. అందులో గెలిచిన జార్జ్ శాంటోస్‌ని మోసం ఆరోపణల మీద మరుసటి ఏడాది సభే బయటికి పంపింది. కాబట్టి గే అన్న ఒక్క కారణంతో ఎవరినీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, వడపోత ఉండాల్సిందే. కాకపోతే కొత్తవాళ్ళకి ఆ వడపోత కాస్త వదులుగా ఉండాలి.

వీళ్ళ లెక్క ప్రకారమే ఇలా బాహాటంగా చెప్పుకుని ఎన్నికై పదవుల్లో ఉన్నవాళ్ళు దేశం మొత్తం మీద 1,300 దాటారు. అమెరికాలో స్కూల్ బోర్డుల దాకా కలుపుకుంటే ఎన్నికయ్యే పదవులు 5 లక్షల పైనే, కాబట్టి ఇంకా చాలా దూరం ఉంది. స్కూల్ బోర్డుకో కౌన్సిల్‌కో నిలబడాలనుకుంటే ఎండార్స్‌మెంట్ (వీళ్ళ మద్దతు) వస్తుందా రాదా అని ఆలోచిస్తూ కూర్చోకండి, ముందు శిక్షణకి దరఖాస్తు పెట్టండి.

దాతలుగా చేరాలనుకునే మనవాళ్ళకి ఒక హెచ్చరిక: పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉంటేనే విరాళం ఇవ్వాలి, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలర్ ఇచ్చినా చట్టం ఒప్పుకోదు. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా ఓటర్లకి ఫోన్లు చేయడానికి మాత్రం వాళ్ళకీ అడ్డు లేదు.